కిట్ కొనకముందే కథ పట్టుకోండి: మిలటరీ డయోరమాకు ఐడియా వెతికే పద్ధతి

డయోరమా అంటే చిన్న బొమ్మలతో, నేల, గోడలతో సహా ఒక దృశ్యాన్ని కట్టి చూపించడం. నా మొదటి డయోరమాలో ఒక టైగర్ ట్యాంకు, నలుగురు జర్మన్ సైనికులు, ఒక కూలిన గోడ ఉండేవి. నాలుగు నెలల పని. ట్రాకుల మీద తుప్పు, ఇటుకల మీద మసి, అన్నీ బాగానే కుదిరాయి. సెలవులకు వచ్చిన మా మేనకోడలు దాన్ని కాసేపు అటూ ఇటూ తిరిగి చూసి, "మావయ్యా, వీళ్లు బస్సు కోసం ఎదురు చూస్తున్నారా?" అని అడిగింది.

నవ్వేశాను గానీ ఆ మాట వదల్లేదు. నిజమే, నలుగురూ నాలుగు దిక్కులకు చూస్తూ నిలబడ్డారు. ఒక్కడికీ పని లేదు. ముందు ట్యాంకు కొన్నాను, కట్టాను, రంగులేశాను, ఆఖర్న దీన్ని ఎక్కడ పెడదామా అని ఆలోచించాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కథే లేకుండా కింది పలకకు, అంటే బేస్‌కు, కొలతలు తీసుకున్నాను. ఆ తర్వాత వరస తిరగేశాను. ఇప్పుడు కథ దొరికేదాకా కిట్ (ముక్కలు అతికించి కట్టుకునే మోడల్ పెట్టె) జోలికి పోను. ఆ కథ దొరకడానికి నేను ఏం చేస్తానో అంచెలంచెలుగా రాస్తున్నాను. లెక్కలన్నీ ఎక్కువమంది వాడే 1/35 స్కేల్‌కే, అంటే అసలు దాంట్లో ముప్పై ఐదో వంతు సైజుకే, చెబుతాను. అవసరమైన చోట 1/72 అని విడిగా అంటాను.

మొదటి అంచె: ఒక్క వాక్యం రాయండి

చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. అందులో ట్యాంకుల పేర్లు రాయొద్దు, వాక్యాలు రాయండి. వాక్యంలో ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి ఏదో ఒక పని చేస్తూ ఉండాలి. 'నిలబడ్డాడు', 'చూస్తున్నాడు' లెక్కలోకి రావు. చూస్తుంటే దేన్ని చూస్తున్నాడో, ఎందుకు చూస్తున్నాడో కూడా వాక్యంలోనే ఉండాలి.

"రష్యాలో చలికాలం, పాంజర్ 4" అనేది వాక్యం కాదు, అట్టపెట్టె మీద రాసే పేరు. "ఇంజన్ స్టార్ట్ అవ్వక డ్రైవర్ కింద చిన్న మంట పెడుతున్నాడు, కమాండర్ వద్దని అరుస్తున్నాడు" అంటే వాక్యం. దీన్ని చదవగానే ఎవరు ఎక్కడ ఉండాలో, ఎవరి తల ఎటు తిరగాలో సగం తెలిసిపోతుంది.

మనకు ఇది కొత్త విద్యేమీ కాదు. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో పుట్టిన వాళ్లెవరికైనా ఇది తెలుసు. కొండపల్లి బొమ్మల్లో తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు ఉంటాడు, నీళ్లు తోడుతున్న ఆడమనిషి ఉంటుంది. ఊరికే నిలబడ్డ వాళ్లు తక్కువ. మా అమ్మమ్మ శెట్టి బొమ్మ ముందు చిన్న గిన్నెల్లో నిజం బియ్యం, కందిపప్పు పోసి పెట్టేది. వచ్చిన పిల్లలంతా ఏనుగు అంబారీని వదిలేసి ఆ కొట్టు దగ్గరే కూర్చునేవాళ్లు. అక్కడ బేరం జరుగుతోంది కాబట్టి.

రెండో అంచె: పాత ఫోటోల అంచులు చూడండి

ఐడియాలకు అన్నిటికంటే పెద్ద గని పాత ఫోటోలే. జర్మనీ జాతీయ ఆర్కైవ్ బుండెసార్కైవ్ 2008 డిసెంబరులో ఎనభై వేలకు పైగా ఫోటోలను వికీమీడియా కామన్స్‌కు ఇచ్చింది. వాటిలో రెండో ప్రపంచ యుద్ధానివి బోలెడు. బ్రిటన్ ఇంపీరియల్ వార్ మ్యూజియం సేకరణలో బర్మా, ఇటలీ, ఉత్తర ఆఫ్రికాల్లో పోరాడిన భారత సైనికుల ఫోటోలు దొరుకుతాయి. వెతికేటప్పుడు ట్యాంకు పేరు కొడితే అందరికీ తెలిసిన ఫోటోలే వస్తాయి. ఊరి పేరో, రెజిమెంట్ పేరో, నది పేరో కొట్టండి. కొత్తవి అలా బయటపడతాయి.

ఫోటో దొరికాక నేను చేసే పని ఒకటి ఉంది. ప్రింట్ తీసి, మధ్యలో ఉన్న ట్యాంకు మీద కాగితం ముక్క అడ్డంగా పెడతాను. ఇక మిగిలిన దాన్నే పది నిమిషాలు చూస్తాను. కెమెరా పట్టుకున్నవాడు ట్యాంకు కోసం తీశాడు, అంచుల్లో పడ్డవి అతనికి తెలియకుండా పడ్డాయి. ఒకసారి ఇలాగే చూస్తుంటే మూలన ఒక సైనికుడు నేల మీద కూర్చుని బూటు విప్పి సాక్సు పిండుకుంటూ కనిపించాడు. ట్యాంకు వెనక తాడుకు బకెట్ వేలాడుతోంది, దాని అడుగు సొట్టపోయింది. చక్రం పక్కన కోడి! ఆ కోడి ఎక్కడిది, రాత్రికి ఏమైంది? అప్పుడే నా నోట్‌బుక్‌లో ఒక వాక్యం పడింది.

ఒక్క జాగ్రత్త. యుద్ధకాలపు ఫోటోల్లో చాలావరకు ప్రచారానికి తీసినవి. ముఖ్యంగా అందరూ ఒకేసారి వీరావేశంతో పరిగెడుతున్నవి చూస్తే అనుమానించండి. ఆ మాటకొస్తే, సైనికులు తిండి తింటున్నప్పుడు, రిపేరు చేస్తున్నప్పుడు, విసుగ్గా ఉన్నప్పుడు తీసినవే నిజానికి దగ్గరగా ఉంటాయని నా నమ్మకం. డయోరమాకు పనికొచ్చేవీ అవే.

మనిషి లేని ఫోటో కూడా కథ చెప్పొచ్చు. 1971 డిసెంబరులో రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా మీదకు వచ్చిన పాకిస్తాన్ ట్యాంకులను జైసల్మేర్ నుంచి ఎగిరిన హంటర్ విమానాలు తరిమాయి. పైనుంచి తీసిన ఫోటోలో ఇసుక మీద ట్రాకుల గుర్తులు పిచ్చిగా గుండ్రంగా చుట్టుకుని కనిపిస్తాయి. తప్పించుకోవడానికి దారి వెతుక్కున్న ఆ కంగారంతా గీతల్లోనే ఉంది. దీన్ని చేయాలంటే 1/35 పనికిరాదు. 1/144లో, పైనుంచి చూసేలా, అడుగున్నర ఇసుక, ఒకే ఒక ట్యాంకు చాలు.

మూడో అంచె: అందరూ చేసినవి పక్కన పెట్టి, మనకు సంబంధించినవి చూడండి

టైగర్ ట్యాంకు డయోరమాలు ప్రపంచంలో ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. నేను చేసినదీ వాటిలో కలిసిపోయింది. మన సైన్యం చరిత్రలో ఇంకా ఎవరూ పెద్దగా ముట్టని ఘట్టాలు ఎన్నో ఉన్నాయి, వాటికి కావలసిన కిట్లు మార్కెట్లో ఉన్నాయి కూడా.

నన్ను ఎక్కువ కాలం పట్టుకున్నది 1965 సెప్టెంబరు నాటి అసల్ ఉత్తర్ యుద్ధం. పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర. పాకిస్తాన్ దగ్గర కొత్త అమెరికన్ ప్యాటన్ ట్యాంకులు. మన వైపు సెంచూరియన్లు, రెండో ప్రపంచ యుద్ధం నాటి షెర్మన్లు, తేలికపాటి ఏఎంఎక్స్-13లు. మనవాళ్లు గుర్రపు నాడా ఆకారంలో కాచుకున్నారు, చెరకు తోటల్లో ట్యాంకులు దాచారు, పొలాల్లోకి నీళ్లు వదిలారు. ఆ బురదలోకి ప్యాటన్‌లు వచ్చి దిగబడ్డాయి. సెప్టెంబరు 8 నుంచి 10 దాకా సాగిన పోరులో పాకిస్తాన్ తొంభైకి పైగా ట్యాంకులు పోగొట్టుకుంది. జీపు మీద బిగించిన 106 ఎంఎం రీకాయిల్‌లెస్ గన్‌తో (ట్యాంకులను కొట్టే తేలిక ఫిరంగి) ప్యాటన్‌లను కొట్టిన అబ్దుల్ హమీద్‌కు మరణానంతరం పరమవీర చక్ర వచ్చింది. పట్టుకున్న ట్యాంకులన్నీ ఒకచోట చేర్చిన ప్రాంతానికి ప్యాటన్ నగర్ అని పేరు పడింది.

ఆ షెర్మన్లు డెక్కన్ హార్స్ రెజిమెంట్‌వి. ఈ రెజిమెంట్ మూలాలు హైదరాబాద్ నిజాం కొలువులోని గుర్రపు దళంలో ఉన్నాయి. 1916లో ఫ్రాన్స్‌లో జరిగిన సోమ్ యుద్ధంలో బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దూకింది వీళ్లే, 1945లో బర్మాలో షెర్మన్లు నడిపిందీ వీళ్లే. హైదరాబాద్‌లో ఉండి ఐడియా లేదనే మోడలర్‌ను చూస్తే నాకు కాస్త కోపం వస్తుంది.

మరికొన్ని క్లుప్తంగా:

గరీబ్‌పూర్ (నేటి బంగ్లాదేశ్), 1971 నవంబరు. దట్టమైన పొగమంచులో మన పీటీ-76 ట్యాంకులు, అవతలి వైపు పాకిస్తాన్ చాఫీ ట్యాంకులు. రెండిటికీ 1/35లో కిట్లున్నాయి. ఏమీ కనిపించక శబ్దాన్ని బట్టి దిక్కు వెతుకుతున్న కమాండర్ ఒక్కడు చాలు.

కోహిమా, 1944. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టుకు అటు జపాన్ సైన్యం, ఇటు బ్రిటిష్ ఇండియా సైన్యం. ఆ కోర్టు గీతలను అక్కడి యుద్ధ శ్మశానంలో ఇప్పటికీ గుర్తుగా ఉంచారు. వాలు మీద ఆగిపోయిన ఒక లీ ట్యాంకు కూడా ఊళ్లో ఉంది.

హైదరాబాద్ లాన్సర్లు (బల్లెం పట్టిన గుర్రపు దళం), 1918, మొదటి ప్రపంచ యుద్ధం. సెప్టెంబరు 23న హైఫాను (నేటి ఇజ్రాయెల్‌లోని ఊరు) గెలిచిన గుర్రపు దాడి మైసూరు, జోధ్‌పూర్ దళాలది. అదే బ్రిగేడ్‌లోని హైదరాబాద్ దళానికి పడింది ఖైదీల కాపలా. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే. దాడి బొమ్మ ఎవరైనా చేస్తారు. ఖైదీకి నీళ్ల సీసా అందిస్తున్న హైదరాబాదీ సవారు బొమ్మ ఎవరు చేస్తారు?

విశాఖపట్నం, 1942 ఏప్రిల్ 6. జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఊరు ఖాళీ చేసి జనం పోయారు. ఇందులో ట్యాంకే అక్కర్లేదు. ఎడ్లబండి మీద సామాన్లు కడుతున్నారు, ముసలావిడ అరుగు దిగనంటోంది. మిలటరీ డయోరమా అంటే సైనికులే ఉండాలని ఎవరూ రాసిపెట్టలేదు.

నాలుగో అంచె: కాళ్లరిగేలా తిరగండి

వైజాగ్ ఆర్‌కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా ఉంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియం అయిన జలాంతర్గామి. ఫోటోకు పోజిచ్చి బయటికి రాకండి. టార్పెడోల పక్కనే పడక ఎంత ఇరుకుగా ఉందో, గుండ్రటి తలుపులోంచి దూరేటప్పుడు మీ నడుము ఏ కోణంలో వంగిందో చూసుకోండి. ఆ వంగడమే రేపు మీ ఫిగర్‌కు, అంటే మనిషి బొమ్మకు, పోజు. ఎదురుగానే టీయూ-142 విమానం ఉంది. మహారాష్ట్రలో అహిల్యానగర్ (పాత పేరు అహ్మద్‌నగర్)లోని కావల్రీ ట్యాంక్ మ్యూజియానికి వెళ్లగలిగితే ప్యాటన్, సెంచూరియన్, జపాన్ ట్యాంకులు అన్నీ ఒకేచోట చూడొచ్చు.

మ్యూజియం ట్యాంకుల రంగును మాత్రం నమ్మకండి. ఏటా ఎవరో ఒకరు నిగనిగలాడే ఎనామెల్ పెయింట్ మందంగా కొట్టేస్తారు. అక్కడ చూడాల్సింది ఆకారం, వెల్డింగ్ గీతలు, బోల్టులు, కాలు పెట్టి పెట్టి అరిగిన చోట్లు. కంటోన్మెంట్లలో, ఆర్మీ గేట్ల దగ్గర ఫోటోలు తీయొద్దని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇక బురద సంగతి. ట్యాంకు మీద బురద ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ట్యాంకు అవసరం లేదు. నాట్ల ముందు దమ్ము చేసి గట్టెక్కిన ట్రాక్టర్ దగ్గరికి వెళ్లండి. చక్రం లోపలి అంచుల్లో తడి బురద నల్లగా ఉంటుంది, బయట ఎండిన పొర తెల్లబారి పలకలుగా విరుగుతుంది, మడ్‌గార్డు మీద చిమ్మిన చుక్కలన్నీ ఒకే దిక్కుకు సాగి ఉంటాయి. ఈ మూడూ మూడు రంగులు. మేమంతా ఏళ్ల తరబడి ఒకే గోధుమ రంగు పులిమేవాళ్లం. ట్రాకుల కోసమైతే రోడ్డు పనుల దగ్గర పొక్లెయిన్‌ను చూడండి. నేలకు రాసుకునే పట్టీలు వెండిలా మెరుస్తాయి, పక్కలు తుప్పు, సందుల్లో మట్టి, గడ్డి పరక. నా ఫోన్‌లో మనుషుల ఫోటోల కంటే పొక్లెయిన్ ఫోటోలు ఎక్కువ. డ్రైవర్లు మొదట అనుమానంగా చూసినా, బొమ్మ ఫోటో చూపిస్తే వాళ్లే ఎక్కించి చూపిస్తారు.

ఐదో అంచె: పనిచేసి వచ్చినవాళ్లను అడగండి

మన ఊళ్లలో మాజీ సైనికులు లేని చోటు తక్కువ. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని అయితే మిలటరీ మాధవరం అనే పిలుస్తారు, తరాలుగా ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్లిన ఊరది. ఇలాంటి పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి "యుద్ధం గురించి చెప్పండి బాబాయ్" అంటే చెప్పరు, చెప్పినా పేపర్లో చదివిందే చెబుతారు. చిన్నవి అడగండి. నీళ్లు ఎక్కడ పెట్టుకునేవారు? వాన వస్తే పరుపు ఎలా చుట్టేవారు? మాకు తెలిసిన ఒక రిటైర్డ్ హవల్దారు గారిని భోజనం గురించి అడిగితే, వేడి ఇంజన్ డెక్ (ట్యాంకు వెనక ఇంజన్ పైకప్పు) మీద రొట్టెలు పెట్టుకుని వెచ్చబెట్టుకునేవాళ్లమని చెప్పి, "డీజిల్ వాసన వచ్చేదయ్యా, అయినా తినేవాళ్లం" అన్నారు. ఆ ఒక్క మాటతో ఇంజన్ డెక్ మీద ఏం పెట్టాలో తేలిపోయింది.

వాళ్లు చెప్పడానికి ఇష్టపడని చోట ఆగిపోండి. అలాగే చనిపోయిన సైనికుణ్ణి డయోరమాలో పెట్టాలా వద్దా అన్నది ముందే తేల్చుకోండి. నేను పెట్టను. ఖాళీ హెల్మెట్ కూడా అతిగా వాడేశారు కాబట్టి అదీ పెట్టను.

ఆరో అంచె: వాక్యాన్ని స్కేలుతో కొలవండి

ఇక్కడే సగం ఐడియాలు రాలిపోతాయి, రాలిపోవాలి కూడా. కోహిమా టెన్నిస్ కోర్టు పొడవు 78 అడుగులు. 1/35లో అది 68 సెంటీమీటర్లు, బల్ల సరిపోదు. 1/72లో 33 సెంటీమీటర్లు, చక్కగా కుదురుతుంది. అంటే ఆ వాక్యానికి కిట్లు 1/72లోనే వెతకాలి.

అసల్ ఉత్తర్‌కు నేను రాసుకున్న వాక్యం ఇది: "కాల్పులు ఆగాక పొలానికి వచ్చిన రైతు, దిగబడ్డ ప్యాటన్‌కు వీపు పెట్టి, విరిగిన చెరకును ఏరుకుంటున్నాడు." ఇది నా ఊహ. ఫలానా రోజున ఫలానా రైతు అని నేను చెప్పను, పేరు పలక మీద కూడా అలా రాయను. కానీ నెల, పంట, బురద, ట్యాంకు మోడల్ మాత్రం సరిపోవాలి. సెప్టెంబరు కాబట్టి చెరకు ఏపుగా ఉంటుంది. తొమ్మిది అడుగుల గడ 1/35లో దాదాపు 7.8 సెంటీమీటర్లు. ప్యాటన్ ఎత్తు సుమారు 3.1 మీటర్లు, అంటే 8.9 సెంటీమీటర్లు. ఐదున్నర అడుగుల రైతు 4.8. అంటే తోటలో ట్యాంకు పైభాగం తప్ప కనిపించదు. అక్కడ చెరకు ఎందుకు అంత పనికొచ్చిందో ఈ మూడు అంకెలు రాసుకున్నప్పుడు నాకు బాగా అర్థమైంది. ట్యాంకు కనిపించాలంటే అది తొక్కుకుంటూ వచ్చిన దారి వైపు నుంచే చూడాలి. ఆ విధంగా చూసేవాడి చోటు కూడా తేలింది.

కొలతలు కుదిరాక కిట్ ఆర్డర్ పెట్టొద్దు ఇంకా. పాత అట్టపెట్టె కోసి అదే సైజు డబ్బా చేయండి, అగ్గిపుల్లలకు మట్టిముద్ద తల పెట్టి మనుషులుగా నిలబెట్టండి. వారం రోజులు టీవీ పక్కన ఉంచండి. దారినపోయే ప్రతిసారీ మీ చెయ్యి ఏదో ఒకటి జరుపుతుంది. రైతును నేను మొదట ట్యాంకు ముందు పెట్టాను. మూడో రోజుకు మూలకు వెళ్లాడు, ఐదో రోజుకు వీపు తిప్పాడు. ట్యాంకును బేస్ అంచుకు సమాంతరంగా పెట్టొద్దు, కొంచెం ఏటవాలుగా తిప్పండి. నా మొదటి వాక్యంలో ఇద్దరు పిల్లలు కూడా ఉండేవారు, అట్ట దశలోనే తీసేశాను. రైతు ఒంటరిగా ఉంటేనే ఆ పొలం అతనిదని తెలుస్తోంది.

అప్పుడు కొనండి. ఒకసారి తొందరపడి ముందే ఆర్డర్ పెట్టి, కస్టమ్స్ కట్టి, నెలన్నర ఆగి తెప్పించుకుంటే వచ్చింది వేరే మోడల్ కిట్. వెనక్కి తీసుకోవడం కుదరదన్నారు. అప్పటి నుంచి పెట్టె మీది నంబరు రెండుసార్లు చూస్తాను.

పంజాబీ రైతు ఫిగర్ రెడీమేడ్‌గా నాకు దొరకలేదు. వంగి పనిచేస్తున్న సైనికుడి ఫిగర్ తీసుకుని, బెల్టు, పౌచ్‌లు చెక్కేసి, ఎంసీల్‌తో తలపాగా, కుర్తా కట్టాను. చెరకు గడలకు కొబ్బరి ఈనెల సన్నటి కొసలు. అసలు గడ అంగుళం మందం ఉంటే మనకు 0.7 మిల్లీమీటర్ కావాలి, ఈనె కొస ఆ మందానికి వస్తుంది. ఆకులు రంగేసిన కాగితం, ఒకటిన్నర మిల్లీమీటర్ వెడల్పు, మూడు సెంటీమీటర్ల పొడవు. గడకు ఆరు ఆకులు.

తోటకు నాలుగు వందల గడలు అవుతాయని లెక్క. ఇప్పటికి నూట నలభై అయ్యాయి. మొన్న వచ్చిన మేనకోడలు ఆకులు అతికిస్తూ కూర్చుంది. రైతు పాదాల దగ్గర ఉన్న గడను కాస్త పక్కకు జరిపి, "ఇది ఇంకా విరగలేదు మావయ్యా, దీన్ని నాటేసుకోవచ్చు కదా" అంది. ఆ గడను అక్కడే ఉంచాను.